లెక్కల చదువులో స్వీయ నియంత్రణ: కొలిచేదెలా, కొలిచి చేసేదేమిటి?

(తల్లిదండ్రులు, విద్యా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“వీడికి లెక్కల మీద శ్రద్ధ లేదు” అనే మాట మనకు కొత్త కాదు. బడిలో వింటాం, ఇంట్లో మనమే అంటాం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఈ మాట ఒకసారి పడిందంటే అది పిల్లవాడి వెంటే నడుస్తుంది. పదో తరగతి తర్వాత ఎం.పి.సి. గ్రూపు దగ్గరకు వచ్చేసరికి, ఎవరూ అడ్డుపడకుండానే, ఆ పిల్లవాడో ఆ ఆడపిల్లో “అది నావల్ల కాదు” అని తప్పుకుంటారు. ఒక జీవితపు దారిని మళ్లించగల ఈ మాటకు ఆధారం ఏమిటి? శ్రద్ధను ఎవరు కొలిచారు? ఏ కొలతతో కొలిచారు? ఆ కొలత సరైనదేనా? ఈ మూడు ప్రశ్నల గురించే నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

విద్యా మనస్తత్వ శాస్త్రంలో దీనికి స్వీయ నియంత్రిత అభ్యసనం అని పేరు. మాట పెద్దదే గాని విషయం తేలికైనది. తన చదువును తానే నడుపుకోగలగడం. అమెరికా శాస్త్రవేత్త బారీ జిమ్మర్‌మన్ దీన్ని మూడు దశలుగా వివరించారు. పనికి ముందు ఆలోచన, పని సాగుతుండగా గమనిక, పని ముగిశాక సమీక్ష. ఈ మూడూ ఒక చక్రంలా తిరుగుతాయి. ఈ రోజు చేసిన సమీక్ష రేపటి ఆలోచనకు పునాది అవుతుంది.

ఒక లెక్కతో చూద్దాం. ఒక వస్తువు ధర 1200 రూపాయలు. దుకాణదారు 10 శాతం తగ్గింపు ఇచ్చి, తగ్గిన ధరపై 5 శాతం పన్ను వేశాడు. కొన్నవారు ఎంత చెల్లించాలి? ఒక విద్యార్థి గబగబా చదివి, పదిలోంచి అయిదు తీసేస్తే అయిదు శాతమే తగ్గింపు అనుకుని 1140 అని రాశాడు. మరొకరు “తగ్గిన ధరపై” అన్న మాట దగ్గర ఆగారు. ముందు 120 తీసేస్తే 1080, దానిపై అయిదు శాతం 54, మొత్తం 1134 అని తేల్చారు. ఇద్దరికీ శాతాలు తెలుసు. కూడికలు, తీసివేతలు తెలుసు. తేడా వచ్చినది ఆరు రూపాయల దగ్గర కాదు, ఆ మాట దగ్గర ఆగడంలో వచ్చింది. ఆగడం, మళ్లీ చదవడం, దారి సరైనదా అని మధ్యలో చూసుకోవడం, చివర్లో సరిచూడడం. స్వీయ నియంత్రణ అంటే ఇవే.

గణితంలో ఈ ఆలోచన పాతదే. జార్జ్ పోల్యా 1945లో ప్రచురించిన పుస్తకంలో సమస్యా సాధనకు నాలుగు మెట్లు చెప్పారు: సమస్యను అర్థం చేసుకోవడం, పథకం వేయడం, దాన్ని అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడడం. తర్వాత అలన్ షోన్‌ఫెల్డ్ అనే గణిత విద్యా పరిశోధకులు ఉన్నత పాఠశాల, కళాశాల విద్యార్థులు తెలియని సమస్యలతో కుస్తీ పడుతుండగా వందకు పైగా వీడియోలు తీసి పరిశీలించారు. వాటిలో ఇంచుమించు 60 శాతం ప్రయత్నాలు ఒకే తీరులో సాగాయి. చదవడం, తొందరగా ఒక దారి ఎంచుకోవడం, అది తప్పుదారి అయినా సమయం అయిపోయేదాకా దానినే పట్టుకుని పోవడం. అక్కడ పిల్లలకు కొరవడింది జ్ఞానం ఒక్కటే కాదు. ఉన్న జ్ఞానాన్ని ఎప్పుడు, ఎలా వాడాలో చూసుకునే అలవాటు కూడా కొరవడింది. ఆ అలవాటు నేర్పితే వస్తుందని షోన్‌ఫెల్డ్ తన తరగతుల్లో చూపించారు.

ఈ వయసు గురించే ఎందుకు అంటే, ఇక్కడే మలుపు ఉంది. టిమొతీ క్లియరీ, పెగ్గీ చెన్ అనే పరిశోధకులు 2009లో అమెరికాలో 880 మంది ఆరు, ఏడు తరగతుల విద్యార్థుల లెక్కల చదువును పరిశీలించారు. ఆరో తరగతి వారికంటే ఏడో తరగతి వారిలో స్వీయ నియంత్రణ, ప్రేరణ రెండూ బలహీనంగా కనిపించాయి. బాగా చదివే వారికి, వెనకబడిన వారికి మధ్య ఎడం కూడా ఏడో తరగతిలో మరింత స్పష్టమైంది. పిల్లలు ఈ పద్ధతులను వాడతారా లేదా అన్నదాన్ని ప్రేరణకు సంబంధించిన అంశాలలో అన్నిటికంటే బాగా సూచించినది ఆ పని మీద వారికున్న ఆసక్తి. భయపెట్టి శ్రద్ధ తెప్పిద్దామనుకునే వారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

కొలిచే నాలుగు దారులు

ఇక కొలత విషయానికి వద్దాం. శ్రద్ధకు గజం బద్ద లేదు, తూనికరాయి లేదు. అందువల్ల పరిశోధకులు ముఖ్యంగా నాలుగు దారులు వాడుతున్నారు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాడిని కనుక, ఆ కార్యాలయం భాషలోనే చెబుతాను.

మొదటిది ప్రశ్నావళి. “నేను చదివే ముందు ఏం చేయాలో ఆలోచించుకుంటాను” వంటి వాక్యాలు ఇచ్చి, అది తనకు ఎంతవరకు వర్తిస్తుందో విద్యార్థినే గుర్తు పెట్టమంటారు. పాల్ పింట్రిచ్, ఎలిజబెత్ డి గ్రూట్ 1990లో 173 మంది ఏడో తరగతి విద్యార్థులపై జరిపిన అధ్యయనం ఈ దారిలో ప్రసిద్ధమైనది. ఒకటి నుంచి ఏడు వరకు అంకెలతో జవాబివ్వాలి. ఒకే గంటలో తరగతి మొత్తాన్ని కొలవవచ్చు, ఖర్చు తక్కువ. అందుకే ఇది అన్ని చోట్లకూ పాకింది. ఆ అధ్యయనం జరిగినది విజ్ఞాన శాస్త్రం, ఇంగ్లీషు తరగతుల్లోనని, లెక్కల తరగతుల్లో కాదని మాత్రం గమనించాలి. ఈ ప్రశ్నావళి మన వార్షిక నివేదికలో ఉద్యోగి తన పని గురించి తానే రాసుకునే భాగం లాంటిది. అందులో అబద్ధం ఉండాలని లేదు. కాని ఏడాది పొడుగునా తాను ఎలా పనిచేశానో మనిషికి ఎంత గుర్తుంటుంది? తాను చేసేది రాస్తాడా, చేయవలసినది రాస్తాడా?

రెండోది ఉపాధ్యాయుల అంచనా. ఇది పై అధికారి రాసే రిమార్కుల వంటిది. రోజూ చూసే మనిషి కనుక దానికి విలువ ఉంది. అయితే తరగతిలో అరవై మంది ఉంటే, ముందు బెంచీలో చేయి ఎత్తేవారు కనిపించినంతగా వెనక బెంచీలో మౌనంగా కూర్చున్నవారు కనిపించరు.

మూడోది ఆనవాళ్లు. విద్యార్థి కాగితం మీద ఏం గీశాడు, ఏ మాట కింద గీత పెట్టాడు, ఏది కొట్టివేసి మళ్లీ చేశాడు అని చూడడం. ఇది మన పర్సనల్ రిజిస్టరు లాంటిది. కాగితం ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన కదిలింది అని అది చెబుతుంది. ఎందుకు కదిలిందో చెప్పదు.

నాలుగోది సూక్ష్మ విశ్లేషణ. పిల్లవాడి పక్కన కూర్చుని, ఒక నిర్దిష్టమైన లెక్క చేస్తుండగానే అడగడం. మొదలుపెట్టే ముందు “ఇది ఎలా చేద్దామనుకుంటున్నావు? చేయగలనని ఎంత నమ్మకం ఉంది?” అని, మధ్యలో “ఇప్పుడు ఏం ఆలోచిస్తున్నావు?” అని, అయ్యాక “సరిగా వచ్చిందంటావా? రాకపోతే ఎందుకు రాలేదంటావు? మళ్లీ చేస్తే ఏం మారుస్తావు?” అని. తనిఖీ అధికారి రిజిస్టర్లు తిరగేసి వెళ్లిపోకుండా సీటు పక్కన కుర్చీ వేసుకుని, ఈ ఫైలు మీద ఇప్పుడు ఏం చేస్తున్నావని అడిగినట్టు.

ఈ నాలుగూ ఒకే విషయం చెబుతాయా? గ్రెగరీ కాలన్, టిమొతీ క్లియరీ 2018లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ ప్రశ్ననే అడిగింది. అమెరికాలోని ఒక నగర విద్యా జిల్లాలో భిన్న వర్గాలకు చెందిన 100 మంది ఎనిమిదో తరగతి విద్యార్థులను నాలుగు దారుల్లోనూ కొలిచారు. ప్రశ్నావళికి, ఉపాధ్యాయుల అంచనాకు మధ్య ఒక మోస్తరు పొంతన కనిపించింది. ఆనవాళ్లకు, సూక్ష్మ విశ్లేషణకు మధ్య కూడా ఒక మోస్తరు పొంతన కనిపించింది. కాని ఈ జంటకు, ఆ జంటకు మధ్య చెప్పుకోదగిన సంబంధం తేలలేదు. పిల్లవాడి గురించి మొత్తంగా చెప్పే మాట ఒకటి, ఒక లెక్క ముందు కూర్చున్నప్పుడు అతడు చేసే పని మరొకటి.

వీటిలో మార్కులను ముందుగా సూచించగలిగినది ఏది? సాధన లెక్కలు, తర్వాత పెట్టిన పరీక్ష, ప్రామాణిక గణిత పరీక్ష, ఈ మూడింటిలోనూ నిలబడినది సూక్ష్మ విశ్లేషణలోని ఒక భాగం. విద్యార్థి తన పనిని తాను ఎలా గమనించుకుంటున్నాడో చెప్పే భాగం అది. ఉపాధ్యాయుల అంచనా రెండింటిలో తనవంతు సమాచారాన్ని అదనంగా ఇచ్చింది. కనుక ఉపాధ్యాయుల మాటను తీసిపారేయమని ఈ అధ్యయనం చెప్పలేదు. ఒక్క కొలతతో తీర్పు చెప్పవద్దని, పలు కొలతలను కలిపి చూడమని చెప్పింది. నూరు మందితో జరిగిన ఒక్క అధ్యయనమే లోకానికంతా శాసనం కాదు. అయినా “శ్రద్ధ లేదు” అని ఒక్క వాక్యంలో తేల్చేసే మన అలవాటును ప్రశ్నించడానికి ఇది చాలు.

ఇల్లు కొలతలోకి వస్తుంది

సోదర సోదరీమణులారా, మన కుటుంబాలకు ముఖ్యమైన విషయం ఇక్కడుంది. జిమ్మర్‌మన్, మార్టినెజ్ పోన్స్ 1986లో పదో తరగతి విద్యార్థులతో జరిపిన ముఖాముఖిలో స్వీయ నియంత్రణకు పద్నాలుగు రకాల పద్ధతులను గుర్తించారు. లక్ష్యం పెట్టుకోవడం, లెక్కలు దాచి మళ్లీ చూసుకోవడం, చదువుకు అనువుగా చోటు సర్దుకోవడం, తెలిసినవారి సాయం అడగడం వాటిలో కొన్ని. విద్యార్థులు చెప్పిన జవాబులను బట్టి 80 మందిలో ఎవరు పై తరగతి వర్గంలో ఉన్నారో, ఎవరు కింది వర్గంలో ఉన్నారో 93 శాతం సరిగా చెప్పగలిగారు. గొప్ప ఫలితమే.

ఆ జాబితాను మన ఇళ్లలో నిలబెట్టి చూడండి. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో ఆడపిల్ల చదువుకు చోటు ఎలా సర్దుకుంటుంది? బడి వదలగానే మెకానిక్ షెడ్డుకో, పండ్ల బండి దగ్గరకో వెళ్లే పిల్లవాడు ఏ గంటకు లక్ష్యం పెట్టుకుంటాడు? ఇంట్లో ఎనిమిదో తరగతి దాటినవారు లేకపోతే సాయం ఎవరిని అడుగుతాడు? “నేను నిశ్శబ్దంగా ఉండే చోట కూర్చుని చదువుతాను” అన్న వాక్యానికి ఆ పిల్ల నిజాయితీగా ఒకటి అంకె పెడితే, ఆ ఒకటి ఆమె గుణాన్ని కొలిచిందా, ఇంటి విస్తీర్ణాన్ని కొలిచిందా? సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖమే చూడనివారో, మధ్యలో మానినవారో. ఆ అంకె వెనక ఉన్నది పిల్లల గుణం కాదు, వారి పరిస్థితి. రేపు శ్రద్ధ కొలతల్లో మన పిల్లల అంకె తక్కువ వస్తే, దాన్ని కూడా అదే విధంగా చదవాలని మనం అడగాలి.

భాష సంగతి కూడా అంతే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య తిరిగే పిల్లవాడికి ఇందాకటి లెక్కలో “తగ్గిన ధరపై” అన్న మాట ఇంగ్లీషులో ఎదురైతే, అతడు ఆగకపోవడానికి కారణం తొందర కావచ్చు, ఆ మాట అర్థం కాకపోవడమూ కావచ్చు. జవాబు మాత్రమే చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే లెక్కను అతడికి అలవాటైన భాషలో నోటితో చెప్పి చేయించి చూస్తే తేడా తెలిసిపోతుంది. శ్రద్ధను కొలిచే ప్రశ్నావళికీ ఇదే వర్తిస్తుంది. పిల్లవాడికి అర్థం కాని భాషలో అడిగిన ప్రశ్న అతడి శ్రద్ధను కొలవదు, భాషను కొలుస్తుంది. రోజూ యాభై గ్రాములు తక్కువ చూపించే త్రాసు ప్రతిరోజూ ఒకే అంకె చూపిస్తుంది. అంతమాత్రాన తూకం సరైనది కాదు.

ఇదంతా దూరదేశపు పరిశోధన, మనకెందుకు అనుకోవద్దు. జాతీయ విద్యా విధానం 2020 పిల్లల ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుల మూల్యాంకనంతో పాటు స్వీయ మూల్యాంకనం, తోటి విద్యార్థుల మూల్యాంకనం కూడా ఉండాలని చెబుతోంది. ఉద్దేశం మంచిదే. పిల్లవాడు తన గురించి తాను ఆలోచించుకునే అవకాశం దొరుకుతుంది. కాని పిల్లవాడు తన గురించి పెట్టుకున్న గుర్తే అతడికి వ్యతిరేకంగా సాక్ష్యం కాకూడదు. దీనికి చట్టం ఆసరా కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చూడాలని, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేందుకు సాయపడాలని అంటుంది. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని అంటుంది. పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని అంటుంది.

అందువల్ల పాఠశాల యాజమాన్య కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులు నాలుగు విషయాలు అడగాలి. మొదటిది, మా పిల్లల శ్రద్ధ గురించి రాసిన మాటకు ఆధారం ఏమిటో చూపండి. రెండోది, ప్రశ్నావళి పెడితే పిల్లలకు అర్థమయ్యే భాషలో పెట్టండి, అర్థం కాని మాటను నోటితో వివరించండి. మూడోది, ఒక్క ప్రశ్నావళి ఆధారంగా పిల్లలను సెక్షన్లుగా విడదీయకండి. నాలుగోది, కొలత తర్వాత ఏం నేర్పబోతున్నారో చెప్పండి. జ్వరం చూసి మందు ఇవ్వకుండా పంపేస్తే థర్మామీటరు ఉండి ఏం లాభం? ఇవి అడిగేటప్పుడు ఉపాధ్యాయులను ఎదురుగా నిలబెట్టకూడదు, మన పక్కన నిలుపుకోవాలి. అరవై మంది మధ్య ఒంటరిగా నిలబడ్డ ఉపాధ్యాయుడికీ ఈ పని భారమే.

లెక్కలు రాని తల్లి కూడా అడగగల ప్రశ్నలు

ఇంట్లో మనం చేయగలిగింది కూడా ఉంది. షోన్‌ఫెల్డ్ తన విద్యార్థుల మధ్య తిరుగుతూ మూడు ప్రశ్నలు అడిగేవారు. నువ్వు ఇప్పుడు చేస్తున్నది ఏమిటి? ఎందుకు చేస్తున్నావు? అది నీకు ఎలా ఉపయోగపడుతుంది? మొదట్లో విద్యార్థులు జవాబు చెప్పలేక తడబడేవారు. కొన్నాళ్లకు ఆయన అడగకముందే తమను తాము అడుగుకోవడం మొదలుపెట్టారు.

ఈ మూడు ప్రశ్నల్లో గణితం ఎక్కడా లేదు. అడగడానికి బీజగణితం వచ్చి ఉండనక్కరలేదు. బడికి వెళ్లని తల్లి కూడా రొట్టెలు చేస్తూ అడగవచ్చు. “బేటా, ఇప్పుడేం చేస్తున్నావు? అదెందుకు?” అని. జవాబు సరైనదో కాదో ఆమె తేల్చనక్కరలేదు. పిల్లవాడు నోరు తెరిచి చెప్పబోతుంటే, చెప్పలేని చోట తానే ఆగుతాడు. ఆ ఆగడమే మనకు కావలసినది.

మసీదు పక్కన, సంఘం గదిలో సాయంత్రం చదువులు నడిపే యువకులకు నాదొక సూచన. ప్రతి పిల్లకు ఒక చిన్న నోటు పుస్తకం ఇవ్వండి. రోజుకు ఒక లెక్క చాలు. చేసే ముందు సరిగా వస్తుందని ఎంత నమ్మకమో సున్నా నుంచి పది వరకు ఒక అంకె. చేశాక జవాబు సరైనదా కాదా. కాకపోతే కారణం ఏమిటో, రేపు ఏం మారుస్తారో ఒక వాక్యం, ఏ భాషలోనైనా సరే. నెల తిరిగేసరికి పుస్తకం మాట్లాడుతుంది. ఎప్పుడూ తొమ్మిది అని రాసి తప్పు చేసే పిల్లవాడికి సరిచూసుకోవడం నేర్పాలి. ఎప్పుడూ రెండు అని రాసి సరిగా చేసే పిల్లకు ధైర్యం చెప్పాలి. పరీక్షలో ఇద్దరికీ ఒకే మార్కులు రావచ్చు, మందు మాత్రం ఒకటి కాదు. “నాకు బుర్ర లేదు” అని కారణం రాసే పిల్లను, “రెండోసారి చదవలేదు” అని రాసేలా తీసుకురాగలిగితే సగం పని అయినట్టే. బుర్రను ఆమె మార్చుకోలేదు, రెండోసారి చదవడం ఆమె చేతిలో ఉంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పుస్తకం పిల్లలది. దాన్ని గోడకు అంటించవద్దు, పక్కింటివారి పిల్లలతో పోల్చవద్దు, అందులోని అంకె చూసి చేయి చేసుకోవద్దు. తిడతారని తెలిసిన మరునాడే పిల్లలు నిజం రాయడం మానేస్తారు. అప్పుడు ఆ పుస్తకం కూడా అందరికీ నచ్చే జవాబులతో నిండిన మరో ప్రశ్నావళి అవుతుంది.

మన పిల్లల సంఖ్యను లెక్కించేవారు చాలామంది ఉన్నారు. ఎంతమంది చేరారు, ఎంతమంది మానారు, ఎంతమంది పాసయ్యారు. ఆ అంకెలు కావాలి, వాటి కోసం మనం పోరాడాలి కూడా. వాటితో పాటు ఒక లెక్క ముందు కూర్చున్న ఒక పిల్ల ఏ మాట దగ్గర ఆగింది, ఏ మాట దగ్గర ఆగలేదు అని పక్కన కూర్చుని చూసేవారు కావాలి. అందుకు జీవో అక్కరలేదు, నిధులు అక్కరలేదు. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మాయి లెక్కల పుస్తకం తెరిచినప్పుడు, పక్కన కూర్చుని మొదటి ప్రశ్న అడగండి.